గిర్ని ఆగిన మధ్యాహ్నం

గిర్ని ఉన్నట్టుండి ఆగిపోయింది.

రాళ్ల మధ్య జొన్న ఇంకా సగమే నలిగింది. మోటారు బెల్టు కాసేపు ఉత్తగా తిరిగి, వేగం తగ్గి, నిలబడింది. పిండి సంచి మూతి పట్టుకుని వంగి ఉన్న లతీఫ్ తల మాత్రం ఎత్తి పైన వేలాడే బల్బు వంక చూశాడు. బల్బు వెలుగుతూనే ఉంది.

"కరెంటు పోలే లతీఫూ," అన్నాడు గుర్వయ్య తన జొన్నల గంప మీద చెయ్యి ఆనించి. "అటు సూడు. కరెంటు కోత మీ ఇంట్లకెల్లి వచ్చింది."

స్టార్టర్ డబ్బా దగ్గర జబీన్ నిలబడి ఉంది. ఎర్ర బటన్ మీది నుంచి వేలు ఇంకా తీయలేదు. భుజాన ఉజ్మా. ఏడాది నిండబోతున్న ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి అలిసిపోయి ఎక్కిళ్లు పెడుతోంది. చెవుల వెనక చిక్కుడు గింజల్లాంటి వినికిడి మిషన్లు, వాటి నుంచి చెవుల్లోకి సన్నటి గొట్టాలు.

"ఏమైంది?" అన్నాడు లతీఫ్.

ఆ మాటకే పిల్ల ఉలిక్కిపడి తల్లి మెడలో మొహం దాచుకుంది.

"మల్ల అరుస్తవ్," అంది జబీన్.

"నేను యాడ అరిచిన? అడిగిన, అంతే."

"అరిచినవయ్యా," అన్నాడు గుర్వయ్య. "ఆత్మకూర్ల నువ్వు అడిగితే అమరచింతల జవాబు చెప్తరు."

జబీన్ ముసలాయన వైపు చూడకుండా, మొగుడితోనే అంది. "పిల్ల మేల్కొని ఉన్నంతసేపు గిర్ని బందు పెట్టు."

"మేల్కొని ఉన్నంతసేపంటే పగలంతా."

"ఆ. పగలంతా."

"మరి మా రొట్టెలు బిడ్డా?" అన్నాడు గుర్వయ్య. తరువాత ఆమె మొహం చూసి, తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "సరే తియ్యి, పొద్దుగూకినంక వస్త. సగం పిండి, సగం జొన్నలు ఇంటికి మోసుకపోతే మా ఇంటామె నన్నే గిర్నిల పోస్తది."

ఆయన వెళ్లిపోయాడు. లతీఫ్ చేతుల పిండి దులుపుకుంటూ నిలబడ్డాడు. జబీన్‌ది తప్పు అనడానికి లేదు. ఒప్పు అనడానికీ లేదు. ఇంటి పొయ్యి వెలిగేది ఆ మోటారు తిరిగితేనే.

*

ఇల్లూ గిర్నీ ఒకే గోడను పంచుకున్నాయి. లతీఫ్ తండ్రి ఊళ్లు తిరిగి పరుపులకు దూది ఏకిన మనిషి. ఆ పని అడిగేవాళ్లు లేకపోయాక ఏకే విల్లు అటక మీద పెట్టి, ఇంటి ముందు జాగాలో గిర్ని వేశాడు. వేరే గోడ కట్టే స్తోమత లేక ఇంటి గోడనే వాడుకున్నాడు.

ఇంటిల్లిపాదినీ నెలల తరబడి మోసం చేసింది ఆ గోడే.

ఉజ్మా పాకడం నేర్చినప్పటి నుంచి గిర్ని మొదలైతే చాలు, చేతిలో ఏది ఉన్నా వదిలేసి గోడ దగ్గరికి పోయేది. రెండు అరచేతులూ, ఒక చెంపా గోడకు ఆనించి నవ్వేది. లతీఫ్ బటన్ నొక్కి ఉరుకులాడుతూ లోపలికి వచ్చి ఆ నవ్వు చూసి పోయేవాడు. గిర్నికి వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు, నా బిడ్డకు బాపు గిర్ని సప్పుడు తెలుస్తది అని. వెనక గిన్నె పడ్డా పిల్ల తిరగడం లేదని జబీన్ అన్నప్పుడు ఆమె మీద కోప్పడ్డాడు కూడా. అంత పెద్ద గిర్ని వినబడే పిల్లకు గిన్నె ఎందుకు వినబడదు?

పాలమూరులో చెవులు పరీక్ష చేసిన మంజులత మేడంకు కూడా ఆ మాటే చెప్పాడు, కొంచెం గర్వంగానే. ఆమె చేతిలోని పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది.

"అది వినుడు కాదన్నా," అంది. "గోడ అదురుతది. ఆ అదురు చేతులకు తెలుస్తది."

లతీఫ్ ఆ మాటను వెంట తెచ్చుకున్నాడు గాని ఇంట్లో ఎక్కడ పెట్టాలో ఇంతవరకు తెలియలేదు.

*

లోపల హనీఫా చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కొడుకూ కోడలూ వెనకా ముందుగా రావడం చూసి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఇగ గిర్ని బందయ్యిందా? మంచిగుంది. రేపు పొయ్యి బందు పెడుదురు."

అంటూనే మనవరాలిని అందుకుని ఒళ్లో వేసుకుంది. అలవాటైన చేతితో కుడి చెవి మిషన్, ఎడమ చెవి మిషన్ తీసి పక్కన పెట్టింది. పిల్ల ఒక్క నిట్టూర్పు విడిచింది. ఎక్కిళ్లు ఆగాయి. నానమ్మ ముక్కుపుడకను పట్టుకోబోయి, అది అందక, నవ్వింది.

"సూడు," అంది హనీఫా. "ఎట్లుంటే సుకముంది పిల్లకు? సూడున్రి ఇద్దరు."

"ఏడువకుంటే సుకమేనా అత్తమ్మా?" అంది జబీన్. "మొన్నటిదాక ఏడువకనే ఉండె. మొన్నటిదాక ఒక్క మాట గూడ అనలె. అమ్మ అనలె, అవ్వ అనలె."

"అంటది. ఆడపిల్ల, తొందర ఏముంది? లతీఫుకు గూడ ఆలిశమే అయింది మాట."

"లతీఫుకు వినవడుతుండె."

హనీఫా చింతపండు తట్ట పక్కకు జరిపింది.

"నేను నీళ్లకు పోంగనే నువ్వు తీసి పెడ్తున్నవ్ అత్తమ్మా. నాకు తెలుసు. పోయేటప్పుడు చెవులకు ఉంటయ్, వచ్చేసరికి గూట్ల ఉంటయ్. గిట్ల అయితే ఎన్నడు అలవాటు కావాలె?"

"తీస్తున్న. దాస్తనా? నా ఒళ్లె పిల్ల గుండె కొట్టుకుంటుంటే తియ్యకుంటె ఏం చేస్త?" హనీఫా కోడలి నుంచి కొడుకు వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పు. గియి పెట్టక ముందు గిర్ని అంటే పానం ఇడుస్తుండె పిల్ల. గోడకు చెంప పెట్టి నవ్వుతుండె. ఇప్పుడు గదే గిర్నిని సూస్తే జడుసుకుంటుంది. ఏం బాగైనట్టు? ఉన్న నవ్వు గూడ పాయె."

లతీఫ్ నేల వైపు చూశాడు. తల్లి అన్నది అతని మనసులోని మాటే. తను అడగలేనిది ఆమె అడిగినందుకు ఊరటగా ఉంది. ఊరటగా ఉన్నందుకు సిగ్గుగా ఉంది.

"నువ్వు గూడ గట్లనే అనుకుంటున్నవా?" అంది జబీన్.

లతీఫ్ గోళ్లలో ఇరుక్కున్న పిండి గీక్కున్నాడు.

ఉజ్మా చింతగింజ కోసం చెయ్యి చాపింది. హనీఫా ఆ చేతిని పట్టుకుని వెనక్కి లాగింది.

"రేపు పొద్దున నార్కట్‌పల్లి పోత," అంది జబీన్.

"ఎందుకు?"

"మా అమ్మ కాడ ఉంట."

"నార్కట్‌పల్లిల ఏముంది? రాత్రి పగలు లారీలే. ఆడ సప్పుడు లేదా?"

"లారీలు రోడ్డు మీద పోతయ్. మా అమ్మ ఇల్లు లోపటి గల్లీల ఉంది. మా ఇంట్ల గోడ అదురది. మా ఇంట్ల ఎవలు అరవరు."

"ఎన్ని దినాలు?"

"పిల్ల మాట నేర్చేదాక."

లతీఫ్ ఆ గడువు ఎంతో ఊహించబోయాడు. ఎవరిని అడిగితే తెలుస్తుందో కూడా తెలియలేదు. పిల్ల మాట నేర్చుకుంటుంది. నేర్చుకున్నప్పుడు బాపు అనే మాట అందులో ఉంటుందా? ఆ మాట ఎవరిని చూసి అంటుంది?

"పోనియ్యి," అంది హనీఫా. అన్న వెంటనే మనవరాలిని ఇంకొంచెం దగ్గరికి తీసుకుంది.

*

లతీఫ్ లేచి ఆగిన గిర్నిలోకి వచ్చి మంజులతకు ఫోన్ చేశాడు. ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకున్నాడు.

"మేడం, నేను ఆత్మకూర్ లతీఫ్‌ను! ఉజ్మా బాపును!"

"తెలుసన్నా. మెల్లగ మాట్లాడు, నాకు మంచిగనే వినవడుతుంది. పాప పెట్టుకుంటుందా?"

"పెడితే ఏడుస్తుంది. తీస్తే నవ్వుతుంది. మాకేం తెలుస్తలేదు మేడం."

"ఎప్పుడెప్పుడు ఏడుస్తుంది?"

"గిర్ని నడిస్తే." కాస్త ఆగాడు. "మా అమ్మ పిలిస్తే."

"ఇంకా?"

"నేను పిలిస్తే."

ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి.

"ముందుగాల గిర్ని సంగతి చెప్త. గిర్ని నడిచేటప్పుడు పాపను ఆ గోడ పక్కన ఉంచొద్దు. మిషన్ ఉన్నా సరే, లేకున్నా సరే. మిగిలిన కొంచెం వినికిడి గూడ దెబ్బ తింటది. ఇంట్ల వెనకకు అర్ర ఉందా?"

"ఉంది. బియ్యం బస్తాలున్నయ్."

"బస్తాలు ముందటికి తెచ్చి పాపను వెనకకు మార్చు. ఇంకోటి, మిషన్ పెట్టేది కొట్లాట లెక్క కావొద్దు. ఏడ్చేటప్పుడు బలవంతంగ పెట్టొద్దు. ఎత్తుకొని ఊకుంచున్రి. ఏదన్న ఆటల పడ్డప్పుడు పెట్టున్రి. పీకేస్తే నవ్వుకుంట మల్ల పెట్టున్రి. గట్లనే రోజు రోజుకు ఎక్కువసేపు. పక్కన కూసోని మామూలు గొంతుతోని మాట్లాడున్రి."

"మామూలు గొంతంటే?"

"ఇప్పుడు నేను మాట్లాడుతున్నట్టు అన్నా."

లతీఫ్ ఫోన్ చెవి నుంచి తీసి చూశాడు. చప్పుడు ఇక పెంచడానికి లేనంత పెంచి ఉంది. మళ్లీ చెవికి పెట్టుకున్నాడు.

"మేడం, ఒక మాట. అంతకుముందు గోడను పట్టుకొని నవ్వుతుండె గదా. ఆ నవ్వు..."

"ఆ నవ్వు అబద్ధం కాదన్నా. ఆమె చేతులకు గిర్ని తెలుసు. ఇప్పుడు చెవులల్లకు వచ్చేది కూడా అదే గిర్ని అని ఆమెకు ఇంకా తెల్వదు. కొత్తోడు ఇంట్లకు వచ్చి మీద పడ్డట్టుంటది. టైం పడ్తది."

ఫోన్ పెట్టేశాక లతీఫ్ రాళ్ల మధ్య చిక్కుకున్న జొన్నలను చేత్తో తీసి గుర్వయ్య గంపలో వేశాడు. షట్టర్ కిందికి లాగాడు. మధ్యాహ్నం వేళ ఆ షట్టర్ దిగడం చూసి, ఎదురింటి మారయ్య ఎవరు చనిపోయారని అడిగాడు.

*

మేడం చెప్పింది లోపల ఇద్దరికీ చెప్పి, బస్తాలు మార్చేసరికి లతీఫ్‌కు చెమటలు పట్టాయి. వెనకర్రలో కిటికీ చిన్నది, చల్లగా ఉంది. జబీన్ నేల ఊడ్చి దుప్పటి పరిచింది. ఆమె సంచీ సగం సర్ది, మూత వేయకుండా మంచం మీద ఉంది.

లతీఫ్ గుమ్మంలో కూర్చుని చెవి రిక్కించాడు.

"ఎవలన్న బోరు ఏస్తున్నరా?"

"ఏ బోరు?" అంది జబీన్.

"గుయ్యిమని వస్తుంది గద, దూరంకెల్లి."

జబీన్ కాసేపు విన్నది. "ఏం లేదు."

"నాకేం వినవడుతలేదురా," అంది హనీఫా.

ఎక్కడో ఇంకో గిర్ని తిరుగుతున్నట్టే ఉంది అతనికి. కుడి పక్కకు తల తిప్పినా, ఎడమ పక్కకు తిప్పినా దూరం మారడం లేదు. రెట్టించి అడగాలనిపించలేదు.

ఉజ్మాను దుప్పటి మీద కూర్చోబెట్టి జబీన్ ముందు ఒక స్టీలు గిన్నె పెట్టింది. తన గాజు ఒకటి తీసి ఇచ్చింది. పిల్ల గాజును నోట్లో పెట్టుకుని, చూసి, మళ్లీ పెట్టుకుంది. ఆ పనిలో మునిగి ఉండగా జబీన్ వెనక నుంచి కుడి చెవిలో మిషన్ గొట్టం కొసనున్న అచ్చును తిప్పి కూర్చోబెట్టింది. తరువాత ఎడమది. రెండిటికీ కట్టిన దారాన్ని గౌను వెనక పిన్నుతో గుచ్చింది.

పిల్ల ఆగిపోయింది. చెయ్యి చెవి మీదికి పోయింది. జబీన్ ఆ చేతిని పట్టుకుని లాగలేదు. గాజును తీసుకుని గిన్నెలో వేసింది.

టంగుమంది.

ఉజ్మా చెవి మీది చెయ్యి దించింది. గిన్నెలోకి వంగి చూసింది. గాజును బయటికి తీసి, గిన్నె అడుగు చూసింది. గిన్నెను బోర్లించి కింద చూసింది.

"ఏం ఎతుకుతది?" అంది హనీఫా.

"సప్పుడు యాడికెల్లి వచ్చిందో ఎతుకుతుంది," అంది జబీన్.

పిల్ల గాజును మళ్లీ గిన్నెలో వేసింది. మళ్లీ వంగి చూసింది. ఆ తరువాత ఆపకుండా వేస్తూనే ఉంది. ముసలమ్మ మోకాళ్ల మీద జరుగుతూ, తెలియకుండానే, దుప్పటి అంచు దాకా వచ్చింది.

"నా తల్లీ! ఉజ్మా!"

గాజు జారిపోయింది. పిల్ల కింది పెదవి వంకర తిరిగింది.

"మెల్లగ అత్తమ్మా."

"మెల్లగనే అన్న గద!"

"గది మెల్లగ కాదు."

హనీఫా మొహం చిన్నబుచ్చుకుంది. "మీ మామ గిర్ని పెట్టిన దినంకెల్లి గీ ఇంట్ల అరుసుకుంటనే ఉన్న. ఉప్పు గావాలన్నా అరుసుడే, ఎవలన్న సచ్చిన్రన్నా అరుసుడే. మెల్లగ ఎట్ల మాట్లాడుతరో నాకు యాదికి లేదు బిడ్డా."

ఆమె ఆ మాట కోపంగా అనలేదు. జబీన్ అత్త వంక కొత్తగా చూసింది.

"నమాజుల సదువుకుంటవు గద అత్తమ్మా. నీకు, అల్లాకు తప్ప వినవడదు. గా గొంతుతోని పిలువు."

"నమాజు గొంతుతోని పిల్లనా?"

"ఆ. పిలువు."

హనీఫా అటూ ఇటూ చూసింది. తప్పేమో అన్నట్టు కొంగు తల మీదికి లాక్కుంది. పెదవులు కదిలించింది.

"ఉజ్మా."

పిల్ల గిన్నె వదిలి తల తిప్పింది. నానమ్మను చూసింది. ఏడవలేదు. నవ్వనూ లేదు. ఇదివరకు ఎన్నడూ చూడని మనిషిని చూసినట్టు ఆ ముక్కుపుడకనూ, ముడతలనూ, నోటినీ తేరిపార చూసింది.

హనీఫా కొంగుతో నోరు మూసుకుంది. "తిరిగింది," అంది కొంగులోంచి. "జబీనా, తిరిగింది గద? నేను పిలిస్తెనే తిరిగిందా? ఉత్తగనే తిరిగిందా?"

"నువ్వు పిలిస్తేనే."

"మరి గోడ కాడ నవ్వినప్పుడు..." ఆమె మాట పూర్తి చేయలేదు. మనవరాలి అరచేతిని తన అరచేతిలోకి తీసుకుని చూస్తూ ఉండిపోయింది.

జబీన్ మొగుడి వైపు తిరిగింది. "నువ్వు పిలువు."

"ఒద్దు. ఏడుస్తది."

"నార్కట్‌పల్లి పోకముందు ఒకసారి పిలువు."

లతీఫ్ గుమ్మం దాటి వచ్చి పిల్ల వెనకగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చున్నాడు. ఆమె మళ్లీ గాజులో పడింది. మెడ మీద చెమటకు అంటుకున్న వెంట్రుకలు. చెవి వెనక ఆ చిన్న గింజ.

"ఉజ్మా," అన్నాడు.

పిల్ల భుజాలు ఎగిరిపడ్డాయి. గొంతులోంచి ఏడుపు రాబోతోంటే జబీన్ ముందుకు వంగి వీపు నిమిరింది. గాజు చేతిలో పెట్టింది.

"ఇంకా దించు."

"ఇంకెంత దించాలె? గిదే నాకు సరిగ వినవడుతలేదు."

"దించు. నీ కోసం కాదు గద పిలిచేది."

అతను కళ్లు మూసుకున్నాడు. గొంతును బావిలోకి చేద దించినట్టు దించాడు. ఇంకా దించాడు. పెదవులు కదిలాయి. ఆ దూరపు గుయ్యి తప్ప అతనికి ఏమీ వినబడలేదు. గొంతు పట్టుకుపోయిందనుకుని, దగ్గి, మళ్లీ మొదలుపెడదామని కళ్లు తెరిచాడు.

ఉజ్మా అతని వైపే తిరిగి కూర్చుని ఉంది.

గాజు చేతిలోనే ఉంది గాని దాన్ని మరిచిపోయింది. అతని నోటి వంక చూస్తోంది.

"నేను ఇంకా పిలువనే లేదు," అన్నాడు లతీఫ్.

జబీన్ అతన్ని చూసింది. "పిలిచినవ్."

"లే. గొంతు రాలే."

"వచ్చింది కొడుకా," అంది హనీఫా. "నాకు గూడ వినవడ్డది. మంచిగ పిలిచినవ్. మీ బాపు పిలిచినట్టుండె."

జబీన్ చూపు మెల్లగా అతని మొహం మీది నుంచి అతని చెవి మీదికి జరిగింది. అక్కడే ఆగింది. ఆమె ఏదో అడగబోయి ఆగడం లతీఫ్ గమనించాడు. తల పక్కకు తిప్పుకున్నాడు.

పిల్ల దుప్పటి మీద చేతులు మోపి ఒక అడుగు పాకి వచ్చి, అతని ముందు ఆగింది. వేలితో అతని కింది పెదవిని తాకింది.

"మల్ల పిలువుమంటుంది," అంది జబీన్. "గదే గొంతుతోని."

లతీఫ్ నోరు తెరిచాడు. అది ఏ గొంతో అతనికి తెలియదు.